గుజ్జు అనే మాట మా అమ్మకు చేసిన చెరుపు

"గుజ్జు అరిగిపోయిందమ్మా" అని డాక్టరుగారు ఎక్స్‌రే వెలుతురుకు ఎదురుగా పట్టుకుని అన్న ఆ ఒక్క ముక్కతో మా అమ్మ దాదాపు ఏడాదిన్నర కుర్చీకి అతుక్కుపోయింది. ఆయన్ను తిట్టడానికి రాయడం లేదు, ఉన్నమాటే చెప్పారు. మన వైపు మోకాళ్ళ గురించి మాట్లాడేవాళ్ళంతా ఆ మాటే వాడతారు, నేనూ వాడేదాన్ని. కానీ ఆ మాట వినగానే బుర్రలో ఏం బొమ్మ పడుతుందో చూడండి. లోపల మామిడిపండు గుజ్జు లాంటిదేదో ఉంది, వాడేకొద్దీ అయిపోతోంది, ఇక అడుగున కాస్తే మిగిలింది, దాన్ని పొదుపుగా వాడుకోవాలి. అమ్మ సరిగ్గా అదే చేసింది, కాలిని పొదుపు చేసింది.

పాలకేంద్రం దాకా నడిచి వెళ్ళడం మానేసింది, నాన్న స్కూటర్ మీద తెచ్చేవారు. రామాలయానికి శనివారం శనివారం వెళ్ళేది, తర్వాత అదీ లేదు. మేడ మెట్లు ఎక్కలేక ఆ ఏడాది వడియాలు పెట్టలేదు, పిన్ని పెట్టి పంపింది. రాత్రిళ్ళు మోకాలి కింద దిండు పెట్టుకుని పడుకునేది, అలా అయితే హాయిగా ఉంటుందని. ఫోన్‌లో నేను కూడా "రెస్ట్ తీసుకో అమ్మా, మెట్లెక్కకు" అనే చెప్పేదాన్ని, హైదరాబాద్‌లో కూర్చుని అంతకన్నా ఏం చెప్తాం. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. సంక్రాంతికి వెళ్ళినప్పుడు కాళ్ళకు నూనె రాస్తుంటే కనిపించింది, ఎడమ తొడ కుడి తొడ కన్నా సన్నగా, మెత్తగా, పట్టు లేకుండా ఉంది. కాలు పూర్తిగా చాపమంటే చాపలేకపోయింది, మోకాలి కింద నా అరచెయ్యి దూరేంత సందు మిగిలిపోయింది. ఏడాది కిందట నొప్పి ఒక్కటే ఉండేది, ఇప్పుడు నొప్పీ ఉంది, కాలూ చచ్చుబడుతోంది.

ఆ దిండు గురించి ముందే చెప్పేస్తాను, ఎందుకంటే ఇది దాదాపు ప్రతి ఇంట్లో జరుగుతుంది. మోకాలు కాస్త వంగి ఉంటే లోపల ఒత్తిడి తగ్గి సుఖంగా ఉంటుంది, నిజమే. కానీ రోజూ రాత్రంతా అలాగే ఉంచితే కీలు ఆ వంపులోనే బిగుసుకుపోతుంది. అప్పుడు నిలబడ్డా మోకాలు కొంచెం వంగే ఉంటుంది, అలా నిలబడడానికి తొడ కండరం క్షణం విడవకుండా పనిచేయాలి, అలిసిపోతుంది, నొప్పి పెరుగుతుంది. దిండు తీసేయండి. మరీ కావాలంటే మడమ కింద పెట్టండి, మోకాలు దానంతటదే చాచుకుంటుంది.

ఇక గుజ్జు సంగతి. కోడి కాలు ముక్క తిన్నవాళ్ళకు ఎముక చివర తెల్లగా నున్నగా మెరిసే పొర గుర్తుండే ఉంటుంది, మన మోకాల్లో ఉన్నదీ అదే జాతి. అది ముద్దలా ఉండదు, ఎముకకు అతుక్కుని ఉండే గట్టి నున్నటి తొడుగు. దానికి రక్తనాళాలు లేవు, నరాలూ లేవు. మరి తిండి ఎలా అందుతుంది అంటే, కీలు లోపల ఉండే జిగురు ద్రవం నుంచి. అడుగు వేసినప్పుడు ఆ పొర నొక్కుకుంటుంది, కాలు ఎత్తినప్పుడు వదులవుతుంది, స్పాంజిని నీళ్ళలో పిండి వదిలినట్టు. ఆ పిండడం, వదలడం జరిగితేనే దానికి తిండి. అంటే కాలిని దాచుకున్న మా అమ్మ ఆ పొరను పస్తు పెట్టింది, పైగా కీలును పట్టుకుని నిలబెట్టాల్సిన తొడ కండరాన్ని కరగబెట్టింది. ఆ కండరం బలంగా ఉంటే అడుగుపడ్డ అదురును చాలావరకు తనే మింగుతుంది, అది లేకపోతే అదురంతా నేరుగా కీలు మీదకే.

ఇంకోటి, పొరలో నరాలు లేవు కాబట్టి నొప్పి అక్కడి నుంచి రాదు. దాని కింది ఎముక నుంచి, కీలు లోపలివైపు ఉండే మరో పల్చని పొర వాచడం నుంచి, చుట్టూ ఉన్న కండరాలూ స్నాయువుల నుంచి వస్తుంది. అందుకే ఎక్స్‌రేలో ఘోరంగా కనిపించే మోకాలితో హాయిగా పొలం గట్ల మీద తిరిగేవాళ్ళుంటారు, ఎక్స్‌రే బాగానే ఉన్నా కుంటేవాళ్ళుంటారు. డాక్టర్లు రిపోర్టులో గ్రేడ్ 2, గ్రేడ్ 3 అని రాస్తారే, అది కెల్‌గ్రెన్, లారెన్స్ అనే ఇద్దరు 1957లో పెట్టిన కొలత, 0 నుంచి 4 దాకా ఉంటుంది. అది ఎముకల చిత్రానికి వేసిన మార్కు, మీరెంత నడవగలరో చెప్పే మార్కు కాదు. అమ్మది గ్రేడ్ 3. (ఎక్స్‌రే తీయించేటప్పుడు నిలబెట్టి తీస్తున్నారో లేదో చూడండి. పడుకోబెట్టి తీస్తే ఎముకల మధ్య సందు ఉన్నదానికన్నా ఎక్కువ కనిపించవచ్చు.)

మొదటి ఏడాది మా ఇంట్లో జరగని వైద్యం లేదు. వాట్సాప్‌లో ఎవరో పంపారని బెండకాయలు రాత్రి నానబెట్టి పొద్దున ఆ నీళ్ళు తాగింది, జిగురుగా ఉంటుంది కాబట్టి మోకాల్లో జిగురు పెరుగుతుందట, ఆ లెక్కన వంకాయ తింటే ఒళ్ళు ఊదారంగు తిరగాలి. తుమ్మకాయల పొడి పాలల్లో. నల్లేరు పచ్చడి. పారిజాతం ఆకుల కషాయం. మా మామయ్య అయితే వారం వారం మేక కాళ్ళ సూప్ తెచ్చేవాడు, అమ్మ శాకాహారి కాదు కాబట్టి బతికిపోయాడు. పక్కింటి పిన్నిగారు పుత్తూరు వెళ్ళి కట్టు కట్టించుకోమంది, అది ఎముక విరిగినవాళ్ళు వెళ్ళే చోటు పిన్నిగారూ అంటే, "విరిగినదానికే పనిచేస్తే అరిగినదానికి చెయ్యదా" అంది. సమాధానం దొరకలేదు నాకు.

వీటన్నిటినీ కొట్టిపారేయను. వావిలాకు నీళ్ళ కాపడం, ఉప్పు మూట కాపడం, గోరువెచ్చటి నువ్వుల నూనె మర్దనా, ఇవి ఆ పూటకు బిగుతును వదిలిస్తాయి, అమ్మ ఇప్పటికీ చేస్తుంది, పొద్దున వ్యాయామానికి ముందు కాపడం పెడితే కాలు మాట వింటుంది. చర్మం కాలకుండా, షుగర్ ఉండి కాళ్ళలో స్పర్శ తగ్గినవాళ్ళు మరీ జాగ్రత్తగా, అంతే. నాకు భయమేసేది పేరు లేని పొట్లాల్లో వచ్చే పొడులంటేనే. అలాంటి కొన్నిటిలో స్టెరాయిడ్ కలుపుతారు. రెండు రోజుల్లో మంత్రం వేసినట్టు నొప్పి పోయి, నెలల మీద మొహం ఉబ్బుతూ, షుగర్ పెరుగుతూ ఉంటే అనుమానించండి, ఉన్నట్టుండి ఆపేయకుండా డాక్టర్ దగ్గరికి ఆ పొట్లం కూడా పట్టుకెళ్ళండి.

అలాగే నొప్పి మాత్రలు. అమ్మ మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని నాలుగు నెలలు వరసగా మింగిందట, మాకెవరికీ చెప్పకుండా. ఆవిడకు బీపీ ఉంది. ఆ మాత్రలు కడుపును పుండు చేస్తాయి, కిడ్నీల మీద పడతాయి, బీపీని పెంచుతాయి, పెద్దవాళ్ళలో మరీను. వాటి బదులు డాక్టర్ డైక్లోఫెనాక్ జెల్ రాసుకోమన్నారు. మోకాలి కీలు చర్మానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి పైపూతగా బాగా పనిచేస్తుంది, రక్తంలోకి వెళ్ళేది తక్కువ. వేళకి రాస్తే పనిచేస్తుంది, గుర్తొచ్చినప్పుడు రాస్తే కాదు.

కీళ్ళకు మంచిదని అమ్మే గ్లూకోసమైన్ బిళ్ళలు కూడా ఆరు నెలలు వాడాం, నెలకు వెయ్యి దాకా అయ్యేది. వాటి మీద అమెరికాలో 1,583 మందితో పెద్ద పరీక్ష చేసి 2006లో ఫలితాలు ప్రచురించారు. మొత్తం మీద చూస్తే మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళకూ ఇవి వేసుకున్నవాళ్ళకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తమాషా ఏమిటంటే ఆ ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలోనే 60 శాతం మందికి నొప్పి తగ్గింది. మోకాలి నొప్పి సహజంగానే అలలా వస్తుంది, పోతుంది. బాగా ఎక్కువైనప్పుడు ఏదో ఒకటి మొదలుపెడతాం, అది దానంతటది తగ్గుతుంది, ఆ పేరు బెండకాయ నీళ్ళు కొట్టేస్తాయి.

దీనికన్నా నన్ను ఆశ్చర్యపరిచింది ఇంకోటుంది. ఒకప్పుడు అరిగిన మోకాల్లోకి సన్నటి గొట్టం దూర్చి "శుభ్రం చేయడం" మామూలుగా చేసే ఆపరేషన్. హ్యూస్టన్‌లో మాజీ సైనికుల ఆస్పత్రిలో 180 మందిని తీసుకుని, కొందరికి నిజంగా చేశారు, కొందరికి చర్మం మీద గాట్లు మాత్రం పెట్టి కుట్టేశారు, వాళ్ళకు అనుమానం రాకుండా పక్కన నీళ్ళు చల్లిన చప్పుడు కూడా చేశారట. రెండేళ్ళు చూశారు. తేడా లేదు. 2002లో ఇది బయటికొచ్చింది. ఇరవై ఏళ్ళు దాటాక కూడా మాకు గుంటూరులో ఒకచోట "ఒకసారి క్లీన్ చేసి చూద్దాం" అన్నారు. ఇంకోచోట అయితే అమ్మ మోకాలిని ముట్టుకోకుండానే, ఎక్స్‌రే మూడు నిమిషాలు చూసి, రెండు మోకాళ్ళూ ఒకేసారి మార్చేద్దాం అన్నారు. కుడి మోకాలు నొప్పే లేదండీ అంది అమ్మ. "వస్తుంది" అన్నారాయన.

ఇంజెక్షన్ల గురించి ఎక్కువ చెప్పను. స్టెరాయిడ్ ఇంజెక్షన్ బాగా వాచి నడవలేకుండా ఉన్నప్పుడు కొన్ని వారాలు ఆదుకుంటుంది, కూతురి పెళ్ళి ఉంది లాంటి సందర్భాల్లో ఒకటి వేయించుకుంటే తప్పు లేదు. మూడు నెలలకోసారి రెండేళ్ళు వరసగా వేసి చూసిన 2017 నాటి పరిశోధనలో మాత్రం, మందు లేని ఉత్త ఉప్పు నీళ్ళు ఎక్కించినవాళ్ళ కన్నా వీళ్ళ పొరే ఎక్కువ పల్చబడింది, నొప్పిలో తేడా లేదు. మన రక్తమే తీసి మిషన్‌లో గిరగిరా తిప్పి, అందులో కొంత భాగాన్ని మోకాల్లోకి ఎక్కించే పీఆర్‌పీ చాలా ఖరీదు, 2021లో వచ్చిన ఒక మంచి పరీక్షలో అది కూడా ఉప్పు నీళ్ళను దాటలేకపోయింది. డబ్బు దండిగా ఉంటే మీ ఇష్టం.

చివరికి అమ్మను నా దగ్గరికి తెచ్చుకుని మా కాలనీలో ఉన్న ఒక ఫిజియోథెరపీ అమ్మాయికి చూపించాను. పాతికేళ్ళుంటాయేమో. మొదటి రోజు వేడి పెట్టే మిషన్లూ కరెంటు మిషన్లూ ఏవీ తగిలించలేదు, టేపు పెట్టి రెండు తొడలూ కొలిచింది. రెండున్నర సెంటీమీటర్ల తేడా. "ఆంటీ, అరిగింది తిరిగి రాదు, కరిగింది తిరిగొస్తుంది" అంది. ఆ పిల్లకు నేను జన్మంతా రుణపడి ఉంటాను.

ఆమె నేర్పినవి చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. మంచం మీద కాళ్ళు చాపి కూర్చుని మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి, దాన్ని కిందికి అదమడం, అయిదు అంకెలు లెక్కపెట్టి వదలడం, ఇలా పది. తర్వాత వెల్లకిలా పడుకుని కుడి మోకాలు మడిచి, ఎడమ కాలు నిటారుగా అడుగు ఎత్తు లేపి, అయిదు లెక్కపెట్టి, దబ్బున పడేయకుండా మెల్లిగా దించడం. పక్కకు తిరిగి పడుకుని పై కాలిని ఎత్తడం, ఇది తుంటి పక్క కండరానికి, నడకలో మోకాలు లోపలికి పడిపోకుండా పట్టేది అదే. రెండు వారాలయ్యాక కుర్చీలో నుంచి చేతులు ఆనించకుండా లేవడం, కూర్చోవడం, మొదట్లో ఎత్తు కుర్చీ, తర్వాత మామూలుది. అసలు మందు ఈ చివరిదే అని నాకనిపిస్తుంది. అమ్మ అంకెలు లెక్కపెట్టదు, గోవిందా గోవిందా అని అయిదుసార్లు అంటుంది. మొదటి వారం "ఇదేం వైద్యమే, డబ్బు తీసుకుని కాళ్ళెత్తిస్తోంది" అని ఒకటే గొణుగుడు.

నొప్పి వస్తే ఆపాలా అన్నదే అందరి టెన్షన్. ఆ అమ్మాయి చెప్పిన లెక్క ఇది: చేసేటప్పుడు ఓర్చుకోగల నొప్పి ఉంటే ఫరవాలేదు, మర్నాడు పొద్దునకల్లా మామూలు స్థాయికి వచ్చేయాలి. రాకపోతే లేదా వాచితే నిన్న ఎక్కువ చేశామన్నమాట, సంఖ్య తగ్గించాలి, మానేయకూడదు. ఆరు వారాల దాకా పెద్ద మార్పు కనిపించలేదు. మూడో నెలలో ఒక రోజు వంటింట్లోంచి పళ్ళెం పట్టుకుని వచ్చి టీవీ ముందు కూర్చున్నాక గానీ ఆవిడకే తట్టలేదు, గోడ పట్టుకోకుండా వచ్చానని.

మెట్ల సంగతి కూడా అప్పుడే నేర్చుకుంది. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. అమ్మకు నొప్పి ఎడమది, కాబట్టి ఎక్కేటప్పుడు కుడికాలు. "కుడికాలు ముందు పెట్టి రావడం కొత్తకోడలికి ఎలాగూ చెప్తారుగా, గుర్తుంటుందిలే" అంది. చేతికర్ర కూడా అంతే, నొప్పి ఉన్న కాలి వైపు కాదు, దానికి ఎదురు చేతిలో పట్టుకోవాలి, ఎడమ మోకాలైతే కుడి చేతిలో. సినిమాల్లో సగం మంది తప్పు చేత్తోనే పట్టుకుంటారు, ఒకసారి గమనించండి. కర్ర మాట ఎత్తితే మాత్రం అమ్మ కళ్ళెర్ర చేసింది, "ముసలిదాన్ని చేస్తావా నన్ను". జాతరకో పెళ్ళికో దూరం వెళ్తే ఇప్పుడు సంచిలో పెట్టుకెళ్తుంది, తీస్తుందో లేదో నాకు తెలియదు.

బరువు. 74 కిలోలు ఉండేది, ఇప్పుడు 69. ఒళ్ళు ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుందని లెక్క, అంటే అమ్మ ప్రతి అడుగుకూ ఇరవై కిలోల బియ్యం బస్తా దించేసిందన్నమాట. ప్రత్యేకమైన డైట్ ఏం లేదు, రాత్రి అన్నం మానలేదు కూడా, మారు అన్నం మానేసింది, సాయంత్రం జంతికల డబ్బా నాన్న బీరువా మీద పెట్టేశారు. కండ రావాలంటే తిండిలో పప్పూ గుడ్డూ పెరుగూ ఉండాలి కాబట్టి అవి పెంచాం.

ఊళ్ళో ఇంట్లో వెస్టర్న్ కమోడ్ పెట్టించాం, దేవుడి గది పీట తీసేసి ఎత్తు స్టూలు వేశాం, కత్తిపీట అటకెక్కింది. బాసీపట్టు కానీ గొంతుక్కూర్చోవడం కానీ శాశ్వతంగా మానేయాలని కాదు, నొప్పి ఉన్నన్నాళ్ళు తగ్గించడం. మోకాళ్ళు బాగున్న పాతికేళ్ళ వాళ్ళు "ముందుజాగ్రత్త"గా నేల మీద కూర్చోవడం మానేస్తున్నారు, అది మాత్రం నాకు అర్థం కాదు. కూర్చుని లేవడం కూడా వ్యాయామమే కదా.

ఇదంతా చదివి మోకాలు మార్చే ఆపరేషన్‌కు నేను వ్యతిరేకం అనుకోకండి. మా పెద్దమ్మకు కాలు విల్లులా వంగిపోయింది, రాత్రి నిద్ర లేదు, వ్యాయామాలూ మందులూ అన్నీ అయ్యాయి, మార్పించుకుంది, ఇప్పుడు అమ్మ కన్నా చురుగ్గా తిరుగుతుంది. ప్రధానిగా ఉండగానే వాజపేయి గారు 2000లో ఒక మోకాలు, 2001లో రెండోది ముంబైలో మార్పించుకున్నారు. మార్చిన మోకాళ్ళలో పదింటికి ఎనిమిది పాతికేళ్ళు పనిచేస్తున్నాయని 2019లో లెక్కలు వచ్చాయి. లోపల పెట్టే పరికరానికి ఆస్పత్రులు ఇష్టమొచ్చినట్టు వేయకుండా 2017 ఆగస్టులో కేంద్రం ధర కట్టేసింది కూడా, ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం రకం లక్షన్నర పైన ఉండేది అప్పట్లో 54,720 రూపాయలకు దిగింది, జీఎస్‌టీ అదనం. బిల్లులో పరికరం ధర విడిగా చూపించమని అడగండి. అయితే ఆపరేషన్ తర్వాత కూడా చేయాల్సింది ఇవే కాళ్ళెత్తుడు వ్యాయామాలు, తొడలో బలం ముందే ఉన్నవాళ్ళు తొందరగా తేరుకుంటారు. పెద్దమ్మ అదే అంది, "మూడు నెలల ముందు నుంచే చేసుంటే అంత ఏడుపు ఉండేది కాదే" అని.

ఇంకొక్క మాట, ప్రతి మోకాలి నొప్పీ అరుగుదల కాదు. ఉన్నట్టుండి ఎర్రగా వాచి వేడిగా ఉండి జ్వరం వస్తే అదే రోజు ఆస్పత్రికి వెళ్ళాలి. పడ్డాక కాలు ఆనించలేకపోయినా, మోకాలు మధ్యలో పట్టేసి చాచలేకపోయినా, పిక్క వాచి నొప్పెడుతున్నా ఆలస్యం చేయొద్దు. పొద్దున లేచాక గంటసేపు చేతివేళ్ళతో సహా కీళ్ళన్నీ బిగుసుకుంటే అది వేరే జబ్బు, దానికి వేరే మందులున్నాయి, ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది.

నాకిప్పుడు 41. మెట్లెక్కుతుంటే నా మోకాళ్ళు కటకటమంటాయి. నొప్పీ వాపూ లేని చప్పుడును పట్టించుకోనక్కర్లేదట, అయినా ఆఫీసులో కాఫీకి లేచినప్పుడల్లా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చుంటున్నాను, పక్క సీటు కుర్రాడు వింతగా చూస్తాడు.

అమ్మకు అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతానని పాత మొక్కు ఒకటుంది, నా పెళ్ళప్పటిది. 3,550 మెట్లు. గాలిగోపురం దాకా నిటారుగా ఉంటాయి, చివర్లో మోకాళ్ళ పర్వతం ఉండనే ఉంది, రామానుజులవారు కొండను కాలితో తొక్కకూడదని మోకాళ్ళ మీద ఎక్కారని చెప్పుకునే చోటు. ఫిజియో అమ్మాయిని అడిగితే వెంటనే కాదనలేదు, రోజూ మేడ మెట్లు ఎన్నిసార్లు ఎక్కగలుగుతున్నారో రాసి పంపమంది, వెళ్ళినా దిగడం మాత్రం బస్సులోనే అంది, దిగడమే మోకాలి చిప్పకు ఎక్కువ కష్టమట. అమ్మ పాత క్యాలెండర్ వెనక పెన్సిల్‌తో గీతలు పెడుతోంది. నిన్న రాత్రి ఫోన్‌లో నలభై రెండు అని చెప్పింది. ఒక్కరోజులో నలభై రెండుసార్లా అని నేను కంగారుపడితే, "కాదే, ఈ వారం మొత్తం" అని, అంతలోనే వెనక నుంచి నాన్న "ముప్పై ఎనిమిదే" అని అరిచారు.